ఇంట్లో పెద్దవాళ్ళది చాదస్తమా, జబ్బా? పల్లెటూళ్ళో డిమెన్షియాను తేల్చుకునే పద్ధతి

డిమెన్షియా అంటే మతి క్రమంగా మందగించి, అలవాటైన పనులు కూడా చేసుకోలేని స్థితికి తెచ్చే జబ్బు. అది పట్నాల జబ్బని, పొలం గాలి పీల్చేవాళ్ళకు రాదని చాలామంది నమ్ముతారు. లెక్కలు అందుకు తిరగబడి ఉన్నాయి. 2017–2020 మధ్య పెద్దవయసువారి మతిని పరీక్షిస్తూ దేశమంతటా జరిగిన లాసీ-డాడ్ అనే అధ్యయనం ప్రకారం అరవై దాటినవారిలో నూటికి 7.4 మందికి డిమెన్షియా ఉంది. అంటే దేశం మొత్తం మీద సుమారు 88 లక్షల మంది. పట్నాల్లో నూటికి 5.3 మంది ఉంటే పల్లెల్లో 8.4 మంది ఉన్నారు. మగవారిలో 5.8, ఆడవారిలో 9. మీ ఊళ్ళో అరవై దాటినవాళ్ళు మూడొందల మంది ఉన్నారనుకోండి, ఈ లెక్కన వాళ్ళలో పాతికమందికి ఈ జబ్బు ఉండొచ్చు. కానీ ఊళ్ళో ఎవరినడిగినా ఇద్దరి ముగ్గురి పేర్లకు మించి చెప్పలేరు.

మిగతావాళ్ళు కనబడకపోవడానికి కారణం మన ఇళ్ళు నడిచే తీరే. మామ్మ కూరలో ఉప్పు రెండుసార్లు వేసిందంటే మర్నాటినుంచి గరిటె కోడలి చేతికి వస్తుంది. తాత సంతలో చిల్లర లెక్క తప్పితే పైవారం మనవడు వెళతాడు. పాలు పితకడం, మడికి నీళ్ళు పెట్టడం, చీటీ డబ్బు కట్టడం, ఒక్కొక్కటే చప్పుడు లేకుండా చేతులు మారిపోతాయి. ఎవరూ ఏదీ దాచరు, ఎవరూ ఏదీ గమనించరు. మనిషి వీధి అరుగు మీద కూర్చుని వచ్చేపోయేవాళ్ళను పలకరిస్తూ ఉంటే "పెద్దతనం, చాదస్తం" అని సరిపెట్టుకుంటాం. రాత్రిపూట లేచి ఎక్కడికో బయలుదేరేదాకా డాక్టరు మాట రాదు. అప్పటికి జబ్బు మొదలై కొన్నేళ్ళు గడిచిపోయి ఉంటుంది.

అందుకే ఊళ్ళో ఈ జబ్బును పట్టుకోవాలంటే ఆ మనిషి ఏ పనులు మానేశారో ముందు చూడాలి. జ్ఞాపకశక్తి పరీక్ష ఆ తరువాత.

మానేసిన పనుల జాబితా రాయండి

ఒక తెల్లకాగితం తీసుకుని మూడు గళ్ళు గీయండి. మొదటి గడిలో పని, రెండో గడిలో ఎప్పటినుంచి చేయడం లేదు, మూడో గడిలో ఎందుకు మానేశారు. మూడో గడే ముఖ్యం. మోకాళ్ళ నొప్పులతో సంతకు వెళ్ళకపోవడం వేరు, వెళ్ళి దారి తెలియక తిరిగిరావడం వేరు. కన్ను కనబడక సూదిలో దారం ఎక్కించలేకపోవడం వేరు, జాకెట్టు ఎలా తొడుక్కోవాలో తోచకపోవడం వేరు.

తేదీలు ఎవరికీ గుర్తుండవు కాబట్టి పండగలను, పెళ్ళిళ్ళను ఆనవాళ్ళుగా అడగండి. "పోయిన సంక్రాంతికి అరిసెల పాకం తనే చూసిందా? చిన్నదాని పెళ్ళప్పుడు చదివింపులు ఎవరు రాయించారు?" అని అడిగితే జవాబు ఠక్కున వస్తుంది.

అడగాల్సినవి ఇవి. ఆవకాయ పెట్టేటప్పుడు ఆవపిండి, కారం, ఉప్పు పాళ్ళు నలభై ఏళ్ళు చేతి అంచనాతో వేసిన మనిషి, ఈ ఏడాది ఏది వేసిందో ఏది వేయలేదో తేల్చుకోలేక బేసిన్ ముందు ఆగిపోయిందా? ఒకే చేనుకు మందు రెండుసార్లు కొట్టారా? ఇచ్చిన అప్పు మరచిపోయారా, తీర్చిన అప్పు మళ్ళీ తీర్చబోయారా? అడిగిన మాటే పది నిమిషాల్లో మళ్ళీ మళ్ళీ అడుగుతున్నారా? తెలిసిన వస్తువుల పేర్లు రాక "అది, ఆ అదే" అంటూ తడుముకుంటున్నారా? తానే ఎక్కడో దాచుకున్న డబ్బు కోడలు తీసిందని నింద వేస్తున్నారా? ఈ చివరిదాన్ని అత్తాకోడళ్ళ గొడవగా కొట్టిపారేయకండి. జబ్బు తొలి రోజుల్లో చాలా ఇళ్ళలో కనబడే లక్షణం ఇది.

మనవరాలి పేరు నోటికి రాక కాసేపయ్యాక గుర్తొస్తే, కళ్ళజోడు ఎక్కడ పెట్టారో వెతుక్కుంటే అది వయసు. కొత్త ఫోను వాడకం రాకపోయినా భయపడక్కర్లేదు. ఏళ్ళ తరబడి అలవాటైన పనులు మూడు నాలుగు, ఒంటి నొప్పి వల్ల కాకుండా తోచకపోవడం వల్ల ఆగిపోయి, ఆరు నెలలుగా అది పెరుగుతూ ఉంటే డాక్టరుకు చూపించాల్సిందే.

పిల్లలు హైదరాబాద్‌లోనో, గల్ఫ్‌లోనో, అమెరికాలోనో ఉండి వీడియో కాల్‌లో మాట్లాడే ఇళ్ళలో ఇది మరీ ఆలస్యంగా తెలుస్తుంది. పది నిమిషాల పలకరింపును పాత అలవాటుతో ఎవరైనా లాగించేస్తారు. "బాగున్నావా, తిన్నావా" అనే ప్రశ్నలకు జబ్బున్న మనిషి కూడా సరైన జవాబే చెబుతారు. "ఇవాళ ఏం కూర వండారు, నిన్న ఎవరొచ్చారు, ఏం మాట్లాడారు" అని అడిగి, అదే సంగతి పక్కింటివాళ్ళను విడిగా అడిగి పోల్చుకోండి. ఊరొచ్చినప్పుడు కనీసం రెండు రోజులు వంటింట్లో, పెరట్లో వాళ్ళ వెంట ఉండి చూడండి.

ఉన్నట్టుండి వస్తే అది వేరే సంగతి

డిమెన్షియా నెలలమీద, ఏళ్ళమీద వస్తుంది. మొన్నటిదాకా బాగున్న మనిషి రెండు రోజుల్లోనే తికమకపడుతూ, ఒక పూట మగతగా, ఒక పూట కలవరంగా ఉంటే అది డెలీరియం. అదే రోజు ఆసుపత్రికి తీసుకెళ్ళాలి. పెద్దవాళ్ళలో మూత్రంలో ఇన్ఫెక్షన్, న్యుమోనియా, విరేచనాల వల్లనో కొన్ని రకాల బీపీ బిళ్ళల వల్లనో రక్తంలో సోడియం పడిపోవడం, మూత్రం బిగుసుకుపోవడం, మే నెల వడదెబ్బ, ఇవి మామూలు కారణాలు. షుగరు బిళ్ళ వేసుకుని అన్నం తినకపోయినా ఇలాగే అవుతుంది. మీటర్‌లో 70 కంటే తక్కువ చూపించి, మనిషి మింగగలిగే స్థితిలో ఉంటే మూడు నాలుగు చెంచాల పంచదార నీళ్ళలో కలిపి తాగించి, పావుగంట తరువాత మళ్ళీ చూడండి. స్పృహ లేకపోతే నోట్లో ఏమీ పోయవద్దు, 108కి ఫోన్ చేయండి. మూతి వంకరపోయినా, ఒక చెయ్యి పడిపోయినా, మాట ముద్దగా వచ్చినా పక్షవాతమే అనుకుని గంటలు లెక్కపెట్టుకుంటూ పరుగెత్తాలి.

గాలి సోకిందని, ఎవరో ఏదో చేశారని తాయెత్తులకు తిరిగే ఇళ్ళలో పోయేది ఈ మొదటి రోజే. తాయెత్తు కడితే కట్టుకోండి, ముందు మాత్రం రక్తపరీక్ష చేయించండి.

చదువు రానివారికి ఇంట్లో చేసే చిన్న పరీక్ష

ఆసుపత్రుల్లో వాడే పరీక్షలు చాలావరకు చదువుకున్నవారి కోసం తయారైనవి. వాక్యం రాయమంటాయి, వందలోంచి ఏడేడు తీసేయమంటాయి, బొమ్మ చూసి గీయమంటాయి. పలక పట్టని మనిషికి వీటిని పెడితే జబ్బు లేకపోయినా ఉన్నట్టే తేలుతుంది. ఈ ఇబ్బంది తీర్చడానికే హర్యానాలోని బల్లభ్‌గఢ్ పల్లెల్లో ఒక పరీక్షను మన జీవితానికి తగ్గట్టు మార్చారు. అందులో కాగితం మీద రాసింది చదివి కళ్ళు మూసుకోమనడానికి బదులు "నా ముఖం చూసి నేను చేసినట్టు చేయండి" అంటారు. వాక్యం రాయమనడానికి బదులు మీ ఇంటి గురించి ఒక మాట చెప్పమంటారు. భారత వైద్య పరిశోధన మండలి తయారుచేయించిన పరీక్షల సంపుటి తెలుగులో కూడా ఉంది. దాన్ని చేయాల్సింది శిక్షణ పొందినవాళ్ళే. మీరు ఇంట్లో చేసేది డాక్టరుకు చెప్పడానికి పనికొచ్చే గమనింపు మాత్రమే, దానికి మార్కులు వేయకండి.

ఉదయం, కాఫీ తాగాక, టీవీ కట్టేసి, చుట్టూ మనుషులు లేకుండా కూర్చోండి. చెవి వినబడనివారైతే ఎదురుగా కూర్చుని పెదవులు కనబడేలా మాట్లాడండి. వినబడక చెప్పలేని జవాబును మతిమరుపు ఖాతాలో రాయడం అందరూ చేసే పొరపాటు.

ముందు మూడు పేర్లు చెప్పండి: మామిడికాయ, ఏనుగు, కుర్చీ. వాటిని మీ వెంట పలికించండి, కాసేపాగి మళ్ళీ అడుగుతానని చెప్పండి. ఈలోగా ఇప్పుడు పొద్దునా, మధ్యాహ్నమా, సాయంత్రమా అడగండి. ఇవాళ ఏ వారం, సంత ఏ వారం, ఈమధ్య పోయిన పండగ ఏది, ఇది ఎండాకాలమా, వానాకాలమా? మన మండలం ఏది, మన పొలానికి పక్క చేను ఎవరిది? వారాల పేర్లు వెనక్కి చెప్పించండి, ఆదివారం, శనివారం, శుక్రవారం అలా. వంద రూపాయలిచ్చి ముప్పై అయిదు రూపాయల సరుకు కొంటే ఎంత తిరిగి రావాలో అడగండి. తమలపాకు చేతికిచ్చి "కుడిచేత్తో తీసుకోండి, సగానికి మడవండి, నా చేతికివ్వండి" అని మూడూ ఒకేసారి చెప్పి ఎన్ని చేశారో చూడండి. ఇప్పుడు ఆ మూడు పేర్లు అడగండి.

పేర్లు గుర్తురాకపోతే చిన్న సాయం చేయండి: "ఒకటి కాయ, ఒకటి జంతువు". ఆ మాటతో గుర్తొస్తే ఒక రకం, తనకసలు పేర్లే చెప్పలేదన్నట్టు చూస్తే ఇంకో రకం. ఈ తేడాను తప్పకుండా రాసుకోండి, డాక్టరుకు చాలా పనికొస్తుంది. జవాబు చెప్పే తీరు కూడా చూడండి. దిగులు జబ్బులో ఉన్న మనిషి ప్రయత్నించకుండానే "నాకేం తెలీదు, నన్నొదిలెయ్" అంటారు. డిమెన్షియా ఉన్నవారు తరచూ నవ్వుతూ మాట మార్చేస్తారు, పక్కనున్న భార్యవైపో భర్తవైపో తిరిగి చూస్తారు.

డాక్టరు దగ్గరికి వెళ్ళేముందు

ఇంట్లో ఉన్న బిళ్ళలన్నీ ఒక సంచిలో వేసుకోండి. డాక్టరు రాసినవి, ఆర్‌ఎంపీ ఇచ్చినవి, మెడికల్ షాపులో అడిగి తెచ్చుకున్నవి, ఆకు మందులు, అన్నీ. మతి మందగించడానికి సగం దారి ఆ సంచిలోనే దొరికే సందర్భాలున్నాయి. నిద్ర కోసం ఏళ్ళుగా వేసుకుంటున్న అల్ప్రజోలామ్, డయాజెపామ్. జలుబుకు వాడే క్లోర్‌ఫెనిరమిన్ లాంటివి. కడుపునొప్పికి వాడే డైసైక్లోమిన్. నరాల నొప్పికి రాసే అమిట్రిప్టిలిన్. వణుకుకు ఇచ్చే ట్రైహెక్సిఫెనిడిల్. ఇవన్నీ పెద్దవయసులో జ్ఞాపకశక్తిని మసకబారుస్తాయి. అయితే నిద్రబిళ్ళలను మీ అంతట మీరు ఒక్కసారిగా మానిపించవద్దు, ఫిట్స్ రావచ్చు. డాక్టరు చెప్పినట్టు కొద్దికొద్దిగా తగ్గించుకుంటూ రావాలి.

తెలంగాణ పల్లెల్లో దీనికి తోడు ఇంకొకటి అడిగి తెలుసుకోవాలి, రోజూ కల్లు తాగే అలవాటుందా అని. చెట్టు కల్లులో మత్తుమందు పొడులు ఉండవు. పొడి కలిపిన కల్తీ కల్లులో అల్ప్రజోలామ్, డయాజెపామ్, క్లోరల్ హైడ్రేట్ ఉంటాయి. రోజూ తాగే మనిషికి మత్తుమందు అలవాటైపోయి, ఒకరోజు దొరక్కపోతే పిచ్చిచూపులు, వణుకు, తికమక మొదలవుతాయి. ఈ సంగతి సిగ్గుపడి దాస్తే డాక్టరు చేసే వైద్యం వేరే దారి పడుతుంది.

తలకు దెబ్బ తగిలిందేమో గుర్తు తెచ్చుకోండి. పెద్దవాళ్ళలో గడప తగిలి పడినా, బండి మీదినుంచి జారినా, అప్పటికి ఏమీ కాలేదనిపించి, కొన్ని వారాలకు పుర్రె లోపల రక్తం నెమ్మదిగా పేరుకుంటుంది. రక్తం గడ్డకట్టకుండా ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్ వాడేవారికి ఈ ప్రమాదం ఎక్కువ. మనిషి మందకొడిగా తయారై, అడుగులు తడబడుతూ, మూత్రం తెలియకుండా పోతుంది. ఇంట్లోవాళ్ళు ముసలితనం ముదిరిందనుకుంటారు. సీటీ స్కాన్‌లో ఇది స్పష్టంగా కనబడుతుంది, చిన్న ఆపరేషన్‌తో రక్తం తీసేస్తే చాలామంది కోలుకుంటారు.

ఎవరు వెంట వెళ్ళాలన్నది కూడా ఆలోచించండి. చెకప్‌కు పట్నం నుంచి వచ్చిన కొడుకు వెళితే చెప్పగలిగేది తక్కువ. రోజూ అన్నం పెట్టే మనిషి వెళ్ళాలి.

ఏ పరీక్షలు, ఎక్కడ

మొదట మండలంలోని ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి వెళ్ళండి. రక్తహీనత చూసే సీబీపీ, షుగరు, సోడియం, కిడ్నీల పనితీరు చూసే క్రియాటినిన్, థైరాయిడ్‌కు టీఎస్‌హెచ్, విటమిన్ బీ12. ఈ ఆరూ ముందు కావాలి, అక్కడ చేయనివి జిల్లా ఆసుపత్రిలో అడగండి. ఆపైన తలకు సీటీ స్కాన్.

బీ12 గురించి కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే మందుతో సరిదిద్దగల కారణాల్లో మన దగ్గర ఎక్కువగా దొరికేది ఇదొకటి. మాంసం, గుడ్డు, చేప ముట్టనివారిలో, పాలు కూడా సరిగా తీసుకోనివారిలో ఇది తగ్గుతుంది. షుగరుకు ఏళ్ళుగా మెట్‌ఫార్మిన్ వాడేవారిలో, గ్యాస్ బిళ్ళలు రోజూ మింగేవారిలో తిండి బాగున్నా తగ్గుతుంది. మతిమరుపుతో పాటు అరికాళ్ళ తిమ్మిర్లు, చీకట్లో నడిస్తే తూలడం, నాలుక నున్నగా ఎర్రబడటం ఉంటే అనుమానించండి. రిపోర్టులో 200 కంటే తక్కువ ఉంటే ఇంజెక్షన్లు మొదలుపెడతారు. ఇక్కడ జరిగే తప్పు ఒకటే: నాలుగైదు ఇంజెక్షన్లు పడి ఒంట్లో ఓపిక రాగానే మానేస్తారు. తిండి మారకపోయినా, మెట్‌ఫార్మిన్ ఆపకపోయినా కొన్నాళ్ళకు మళ్ళీ మొదటికొస్తుంది. ఎన్నాళ్ళు, ఎంత వాడాలో డాక్టరుతో రాయించుకోండి.

ఈ కారణాలేవీ తేలకపోతే న్యూరాలజీ లేదా మానసిక వైద్య నిపుణుల దగ్గరికి వెళ్ళాలి. జిల్లా ఆసుపత్రిలో మానసిక వైద్యులు ఉంటారు. హైదరాబాద్ నిమ్స్, విశాఖ కేజీహెచ్, రాయలసీమ సరిహద్దు జిల్లాలవారికి బెంగళూరు నిమ్హాన్స్ అందుబాటులో ఉన్న పెద్ద చోట్లు. ఎక్కడికి వెళ్ళాలో తేలకపోతే ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలీమానస్ 14416కు ఏ వేళైనా ఫోన్ చేసి తెలుగులో అడగొచ్చు, డబ్బు పడదు.

డిమెన్షియాలో ఎక్కువగా కనబడే రకమైన అల్జైమర్స్ అని తేలితే డోనెపెజిల్ రాస్తారు. సాధారణంగా రాత్రి 5 మిల్లీగ్రాములతో మొదలుపెట్టి, నాలుగు నుంచి ఆరు వారాల తరువాత తట్టుకోగలిగితే 10కి పెంచుతారు. ఇది జబ్బును మాన్పదు, కొంతకాలం రోజువారీ పనులు నిలబడేలా చేస్తుంది. మొదటి వారాల్లో వికారం, విరేచనాలు రావచ్చు, కొందరికి నాడి వేగం తగ్గుతుంది. కళ్ళు తిరిగి పడిపోతే వెంటనే చెప్పాలి. గుండె లయ ఇబ్బంది ఉన్నవారికి ముందు ఈసీజీ తీయించండి. రాత్రిపూట గొడవ చేస్తున్నారని మత్తు బిళ్ళలో, మానసిక జబ్బుల బిళ్ళలో అడిగి తెచ్చి వేయవద్దు. డిమెన్షియా ఉన్నవారిలో అవి పక్షవాతం, మరణం ముప్పు పెంచుతాయి. తప్పనిసరైతే నిపుణుడు రాసి, కొద్దికాలమే వాడాలి.

ఇంకా రానివారికి: నలభై దాటిన అందరూ చూసుకోవాల్సినవి

2024లో లాన్సెట్ అనే వైద్యపత్రిక తరఫున పనిచేసిన నిపుణుల బృందం (లాన్సెట్ కమిషన్) 14 కారణాలను లెక్కగట్టి, అవన్నీ సరిదిద్దగలిగితే ప్రపంచంలో దాదాపు 45 శాతం డిమెన్షియాను ఆపడమో వాయిదా వేయడమో సాధ్యమని చెప్పింది. తక్కువ చదువు, వినికిడి లోపం, చెడు కొలెస్టరాల్, బీపీ, షుగరు, ఊబకాయం, పొగ, మితిమీరిన మద్యం, కదలకుండా కూర్చోవడం, దిగులు, ఒంటరితనం, తలకు దెబ్బ, గాలి కాలుష్యం, చూపు మందగించడం. మన పల్లెల్లో ఈ రోజు అరవై, డెబ్బై ఏళ్ళున్న ఆడవాళ్ళలో ఎక్కువమందికి బడి దక్కలేదు. వాళ్ళలో జబ్బు ఎక్కువ కనబడటానికి అది పెద్ద కారణం, అన్యాయమైన కారణం. ఆ వయసులో బడి తిరిగి రాదు, కానీ మిగతా వాటిలో చాలావరకు ఇంకా మన చేతిలోనే ఉన్నాయి. కర్ణాటకలో ఆంధ్ర సరిహద్దునున్న, తెలుగు మాట్లాడే ఇళ్ళు బోలెడున్న శ్రీనివాసపుర తాలూకా పల్లెల్లో, బెంగళూరు ఐఐఎస్సీలోని మెదడు పరిశోధన కేంద్రం పదివేలమందిని ఏళ్ళ తరబడి పరీక్షిస్తూ పోవాలని పెట్టుకున్నప్పుడు 45 ఏళ్ళ వయసునుంచే చేర్చుకుంది. ముసలితనంలో బయటపడే జబ్బుకు పునాది నడివయసులోనే పడుతుంది మరి.

బీపీతో మొదలుపెట్టండి. కొలిచేముందు అరగంట కాఫీ, టీ, చుట్ట వద్దు. అయిదు నిమిషాలు కుర్చీలో ఆనుకుని కూర్చుని, చెయ్యి గుండె ఎత్తున బల్ల మీద పెట్టి, నిమిషం తేడాతో రెండుసార్లు చూడాలి. 140/90 దాటుతూ ఉంటే బిళ్ళ కావాలి, అది ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో ఉచితంగా ఇస్తారు. చెడేది ఎక్కడంటే, నెల వాడాక మీటరు 130 చూపిస్తే "తగ్గిపోయింది" అని ఆపేస్తారు. తగ్గింది బిళ్ళ వల్లే, ఆపితే పెరుగుతుంది. మిర్చి కోతలకో, ఇటుక బట్టీలకో వలస వెళ్ళేవారు ఆశా కార్యకర్తకు ముందే చెప్పి రెండు మూడు నెలల బిళ్ళలు ఇప్పించమని అడగండి. ఉప్పు రోజుకు 5 గ్రాములు, అంటే తలగొట్టిన ఒక చిన్న చెంచా. ఊరగాయ, అప్పడాలు, ఊరమిరపకాయలు, ఎండుచేప ఈ లెక్కలోకే వస్తాయి. ఆవకాయ మానమని చెబితే ఎవరూ వినరు. ఊరగాయ వేసుకున్న పూట కూరలో, మజ్జిగలో ఉప్పు మానేస్తే చాలా తేడా వస్తుంది.

వినికిడిది ఆ 14లోనూ ముందు వరస. చెవిలో మాట సరిగా పడని మనిషి క్రమంగా మాట్లాడటమే మానేస్తారు, నలుగురిలోకి రావడం మానేస్తారు, మెదడుకు పని తగ్గిపోతుంది. ముందు చెవిలో గులిమి గట్టిపడిందేమో డాక్టరుతో చూపించండి. పిన్నీసులు, అగ్గిపుల్లలు, కాచిన నూనె వద్దు. కర్ణభేరి చిల్లుపడుతుంది, పుండవుతుంది. వినికిడి యంత్రం అవసరమైతే, దారిద్ర్యరేఖ దిగువన ఉన్న వృద్ధులకు రాష్ట్రీయ వయోశ్రీ యోజన శిబిరాల్లో కళ్ళజోడు, చేతికర్రలతో పాటు అదీ ఉచితంగా ఇస్తారు. యంత్రం తెచ్చుకున్నాక సగం ఇళ్ళలో అది బీరువాలో పడిపోతుంది. ఎందుకంటే మొదటిరోజే పొద్దున్నుంచి రాత్రిదాకా పెట్టుకుంటారు. గిన్నెల చప్పుడు, ఫ్యాను రొద చెవిలో ఉరిమినట్టుంటుంది, విసుగొచ్చి తీసేస్తారు. మొదటి వారం రోజుకొక గంట, నిశ్శబ్దంగా ఉన్న గదిలో ఒక్క మనిషితో మాట్లాడేటప్పుడు మాత్రం పెట్టండి. రెండో వారం టీవీ దగ్గర, మూడో వారం అరుగు మీద. రాత్రి బ్యాటరీ తలుపు తెరిచి ఉంచండి, చెవిలోకి వెళ్ళే కొసను పొడిగుడ్డతో తుడవండి. ఈల కూత వస్తుంటే సరిగా కూర్చోలేదనో, చెవిలో గులిమి ఉందనో అర్థం.

కంటి శుక్లాలకు ఆపరేషన్ వాయిదా వేయకండి. "రెండో కన్ను ఉందిగా" అనే మాట వద్దు.

పొగ రెండు దారుల్లో వస్తుంది. ఒకటి చుట్ట, బీడీ. ఉత్తరాంధ్ర తీరంలో ఆడవాళ్ళు నిప్పు నోట్లో పెట్టుకుని కాల్చే అడ్డచుట్ట నోటి క్యాన్సర్‌కే కాదు, రక్తనాళాలకూ చేటు. రెండోది కట్టెల పొయ్యి. గ్యాస్ ఉన్నా నీళ్ళు కాచడానికి, పప్పు ఉడకడానికి పొయ్యే వాడుతున్నారంటే దాన్ని కనీసం ఇంటి బయటికి, పెరట్లోకి మార్చండి.

ఒంటరితనానికి మందు మనుషులే. భజన, రచ్చబండ, డ్వాక్రా సంఘం సమావేశం, పేకాట అయినా సరే, రోజూ నలుగురితో మాట కలవాలి. ఉర్దూయో, కన్నడమో, తమిళమో వచ్చిన పెద్దవాళ్ళుంటే ఆ భాషలో మాట్లాడించండి. నిమ్స్‌లో 648 మంది డిమెన్షియా రోగులను పరిశీలించి 2013లో ప్రచురించిన అధ్యయనంలో, ఒకటికి మించి భాషలు మాట్లాడేవారిలో జబ్బు సగటున నాలుగున్నర ఏళ్ళు ఆలస్యంగా మొదలైంది. చదువు రానివారిలోనూ ఆ తేడా కనబడింది.

జబ్బు తేలిన ఇంట్లో వెంటనే మార్చాల్సినవి

పట్నం ఇళ్ళ కోసం రాసిన సలహాల్లో ఉండని ప్రమాదాలు మన ఇళ్ళలో ఉన్నాయి. పురుగుమందు డబ్బాలను ఇవాళే తాళంలో పెట్టండి. కూల్‌డ్రింక్ సీసాలో పోసి ఉంచిన మందును దాహానికి తాగేసే ప్రమాదం నిజంగా ఉంది. పెరటి బావికి ఇనుప జాలీ వేయించండి. మోటారు స్టార్టర్ పెట్టెకు తాళం, చేను చుట్టూ కరెంటు తీగ పెట్టే అలవాటుంటే దానికి స్వస్తి. గ్యాస్ సిలిండర్ రెగ్యులేటర్ వంట అయిన ప్రతిసారీ కట్టేయాలి. గడపల దగ్గర, మరుగుదొడ్డి దారిలో రాత్రంతా చిన్న దీపం వెలగాలి.

చొక్కా జేబులో చీటీ ఉంచితే బట్టలు మారినప్పుడు పోతుంది. ఇంటి ఫోన్ నంబరు మెడలోని దండకో, మొలతాడుకో కట్టిన రేకు మీద చెక్కించండి. ఆడవాళ్ళకు చీర అంచు లోపల కుట్టండి. ఊరి బస్సు కండక్టరుకు, ఆటోవాళ్ళకు, కిరాణా కొట్టు ఆయనకు సంగతి చెప్పి ఉంచండి. పరువు పోతుందని దాచిన ఇంట్లోనే మనిషి తప్పిపోతే దొరకడం ఆలస్యమవుతుంది.

"మా అమ్మ దగ్గరికి వెళ్ళాలి" అని ఎనభై ఏళ్ళ మనిషి బయలుదేరితే, "మీ అమ్మ పోయి ముప్పై ఏళ్ళయింది" అని చెప్పకండి. ఆ మాట విన్న ప్రతిసారీ అది కొత్త చావుకబురే. "అత్తయ్యా, ముందు ఇంత మజ్జిగ తాగండి, మీ అమ్మగారు ఏం వండేవారో చెప్పండి" అని కూర్చోబెడితే కాళ్ళు ఆగుతాయి. స్నానానికి మొరాయిస్తే తలమీద చెంబుతో నీళ్ళు కుమ్మరించకుండా ముందు పాదాల మీద గోరువెచ్చటి నీళ్ళు పోయండి. అన్నం తినేటప్పుడు నిటారుగా కూర్చోబెట్టి, మెత్తగా కలిపి, చిన్న ముద్దలు పెట్టి, మింగాక తరువాతి ముద్ద. నీళ్ళు తాగితే పొరపోతుంటే గంజి, జావ చిక్కగా ఇచ్చి చూడండి. పడుకోబెట్టి తాగిస్తే ఊపిరితిత్తుల్లోకి పోయి న్యుమోనియా వస్తుంది.

చూసుకునే మనిషి ఎవరు? చాలా ఇళ్ళలో కోడలో, డెబ్బై ఏళ్ళ భార్యో. ఆమెకు నిద్ర ఎన్ని గంటలు పడుతోంది, తన బీపీ బిళ్ళ వేసుకుంటోందా అని ఎవరూ అడగరు. దూరంగా ఉన్న కొడుకులు, కూతుళ్ళు డబ్బు పంపి ఊరుకోకుండా వారానికొక పూట ఎవరు ఉండాలో, రాత్రి కాపలా ఎవరిదో, ఖర్చు ఎవరెంత భరించాలో పేర్లతో సహా కాగితం మీద రాసుకోండి. వృద్ధుల సహాయవాణి 14567.

చివరగా ఆస్తి కాగితాలు. జబ్బు మొదట్లో, మనిషి విషయం అర్థం చేసుకుని మాట చెప్పగలిగినప్పుడే వీలునామా రాయించి, ఇద్దరు సాక్షులతో సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసులో రిజిస్టరు చేయించడం మంచిది. ఆ సమయానికి తెలివిగా ఉన్నారని డాక్టరు సర్టిఫికెట్ జతచేయండి. ఇప్పుడు జీపీఏ (తన తరఫున వ్యవహారాలు చూసే అధికారం ఇచ్చే పత్రం) రాయించుకుంటే తరువాత మనమే చూసుకోవచ్చని కొందరు అనుకుంటారు. 1872 కాంట్రాక్టు చట్టం ప్రకారం రాసిచ్చిన మనిషి మతి స్థిమితం కోల్పోతే ఆ అధికారం రద్దవుతుంది. ఆ తరువాత కోర్టుకు వెళ్ళి సంరక్షకుణ్ణి నియమించుకోవాల్సి వస్తుంది, అది నెలలు పట్టే పని. బ్యాంకు ఖాతాను ఇద్దరిలో ఎవరైనా తీసుకునేలా ఉమ్మడిగా మార్చండి, నామినీ పేరు రాయించండి. పింఛను డబ్బు తీసుకున్న రోజు ఎంత వచ్చింది, ఎవరి చేతికిచ్చారు అన్నది నోటుపుస్తకంలో రాసి, ఇంట్లో ఇంకొకరు సంతకం పెట్టండి. వేలిముద్ర వేయమని ఏ కాగితం ఎవరు తెచ్చినా, ఇంట్లో చదువొచ్చినవాళ్ళు మొత్తం చదివేదాకా వేయనివ్వకండి.